పని యెప్పు డయినట్లు?

గ్రామములయందు పెద్దలై పదుగురకు మంచిచెడ్డలు చెప్పుచున్న మహాశయులారా!

నేటి నా ప్రసంగమునకు విషయము మిక్కిలి చిన్నమాట యొకటి. ‘అయినది’ అనునదే యా మాట. మనము దినమునకు నూఱుమాఱులు దానిని పలుకుచుందుము. వంట అయినది, నాటు అయినది, లెక్క అయినది, పెండ్లి అయినది అందుము. ఇంత తేలికయైన మాటను గుఱించి రేడియోలో చెప్పదగిన దేమున్నదని మీకు తోపవచ్చును. కాని నేడు మన పిల్లలలో ననేకులు చేయుచున్న సాఫ్ట్‌వేర్ పనియందు ఈ మాటకు అర్థము నిర్ణయించుకొనుట యొక పెద్ద ధర్మముగా నెంచబడుచున్నది. ఆ నిర్ణయము లేనిచోట ధనము పోవుచున్నది, నిద్ర పోవుచున్నది, అన్నిటికంటె మిన్నగా మనుష్యుని మాటయందలి నమ్మకము పోవుచున్నది.

నే నీ విషయమునకు వచ్చిన విధము మొదట మనవి చేసెదను. నేను పాఠశాలలో తెలుగు, సంస్కృతము బోధించి విశ్రాంతి పొందినవాడను. కంప్యూటరు విద్య నాది కాదు. మా తమ్ముని కుమారుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేయుచున్నాడు. ఒక సంక్రాంతికి వాడు ఊరికి వచ్చెను. భోగినాటి సాయంకాలము అరుగుమీద కూర్చుండి, “పనులన్నియు ముగించుకొని వచ్చితివా, నాయనా?” అని యడిగితిని. “అయినదండి, పెదనాన్నగారూ! నిన్ననే అయినది” అని సంతోషముగా చెప్పెను. ఆ రాత్రి తొమ్మిది గంటలకు వానికి ఫోను వచ్చెను. అంతట ల్యాప్‌టాపు తెఱచి కూర్చుండినవాడు కోడి కూయువఱకు లేవలేదు. పండుగనాటి యుదయమున వాని కన్నులు ఎఱ్ఱబడి యుండెను. మా తమ్మునకు కోపము వచ్చి, “అయినదని చెప్పి కానిపనిని నెత్తిన పెట్టుకొని వచ్చినావు. మాట నిలుపుకొనలేనివాడ వైతివి” అని పదిమందిలో ననెను. పిల్లవాడు తల వంచుకొనెను.

తరువాత నేను వానిని ప్రక్కకు పిలిచి యడిగితిని. వాడిట్లు చెప్పెను: “పెదనాన్నగారూ! నేను వ్రాయవలసినది వ్రాయుట అయినది. దానిని తక్కినవారి భాగములతో కలిపి పరీక్షించుట కాలేదు. మా పై యుద్యోగి అయినది అనగా సమస్తము నయిన దనుకొని, పని కోరినవారికి మాట యిచ్చినాడు.” అయ్యలారా! వాడు అసత్యమాడలేదు. ఆ యుద్యోగియు నసత్యమాడలేదు. ఇద్దఱును ఒకే మాటను వేఱువేఱు అర్థములతో పలికిరి. నడుమ నలిగినది వాని పండుగయు, వాని పరువును. ఇది కేవలము మా యింటి ముచ్చట కాదనియు, ప్రపంచమంతట ఆ పనివారిని పీడించు చిక్కనియు వానివలన విని, నాకు చేతనైనంత తెలిసికొంటిని. తెలిసినది మీముందు పెట్టుచున్నాను.

సాఫ్ట్‌వేర్ అనగా యంత్రమునకు మనుష్యుడు వ్రాసి యిచ్చు ఆజ్ఞల సముదాయము. ఆ యాజ్ఞల పంక్తులనే వారు కోడ్ అందురు. మీలో ననేకులు కరెంటు బిల్లును సెల్‌ఫోనుతోనే చెల్లించుచున్నారు. సర్వీసు నంబరు వ్రాసి మీట నొక్కినతోడనే బ్యాంకులోని పైకము తగ్గుటయు, బాకీ తీఱుటయు, రసీదు కనబడుటయు జరుగుచున్నవి. ఒక్కొక్క మెట్టునకు ఎవరో ఎచటనో కూర్చుండి వ్రాసిన పంక్తు లున్నవి.

మేస్త్రి గోడ కట్టి అయినదనినచో మనము పోయి చూడవచ్చును. త్రాటికి గుండు కట్టి నిలువు చూడవచ్చును. చేను కోసితి మనినచో గట్టుమీద నిలిచి చూడవచ్చును. సాఫ్ట్‌వేర్ అట్లు కంటికి దొరకదు. తెరపై రసీదు అందముగా కనబడుచుండును. కాని నడుమ సిగ్నలు పోయినచో పైకము రెండుమాఱులు పోవునా, బిల్లు చెల్లినను బాకీ యట్లే నిలుచునా, ఒకేమాఱు వేలమంది చెల్లింప బూనినచో యంత్రము నిలిచిపోవునా అను సంగతులు పైకి కనబడవు. పూర్తియైనట్లు కనబడుటకును, నిజముగా పూర్తి యగుటకును ఈ పనియందు చాల దూరము కలదు. అమెరికాలోని బెల్ లాబరేటరీస్‌లో పని చేసిన టామ్ కార్గిల్ అనువాడు దీనిని గుఱించి పరిహాసముగా నొక లెక్క చెప్పెను. మొదటి తొంబది పాళ్ల పనికి పట్టినంత కాలము చివరి పది పాళ్లకును పట్టునని దాని సారము. 1985లో జాన్ బెంట్లీ అను గ్రంథకర్త దానిని ప్రకటించినది మొదలుకొని యా లెక్క ఆ వృత్తివారిలో సామెతవలె నిలిచిపోయినది. తొంబది పాళ్లు అయిన దనుమాట వినువానికి ధైర్య మిచ్చును గాని, అందు నిజమెంతయో చెప్పినవానికి సైతము తెలియదన్నమాట.

పూర్వ మీ పనిని ఒక వరుసలో చేయుచుండిరి. మొదట కావలసిన వన్నియు వ్రాసికొనుట, పిదప నమూనా గీయుట, పిదప కోడ్ వ్రాయుట, అన్నిటికి చివర పరీక్షించుట. నెలలును సంవత్సరములును గడచిన పిమ్మట ఒక్కమాఱు ‘అయినది’ అందురు. అప్పటికి పని కోరినవాని యక్కఱ మాఱిపోయి యుండవచ్చును. లోపలి దోషములు వేళ్లూని యుండవచ్చును. దీనికి విసిగి పలువురు పలువిధముల ప్రయత్నములు చేసిరి. తుదకు 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమందు స్నోబర్డ్ అను కొండప్రదేశమున 17 మంది అనుభవజ్ఞులు సమావేశమై యొక ప్రకటన వ్రాసిరి. వారు తమ మార్గమునకు ‘ఎజైల్’ అని పేరు పెట్టిరి. చుఱుకుగా మెదలునది, అవసరమునుబట్టి తిరుగగలది అని దాని యర్థము. పనిని చిన్నచిన్న తునుకలుగా చేసి, ఒక్కొక్కదానిని వాడుకకు తగునట్లు ముగించి చూపవలయుననియు, పని సాగినదనుటకు కాగితములు గాక పనిచేయు సాఫ్ట్‌వేరే ముఖ్యమైన కొలత యనియు వారి తాత్పర్యము.

ఈ మార్గమున మిక్కిలి వ్యాప్తి నొందిన పద్ధతి ‘స్క్రమ్’ అనునది. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ అను నిద్దఱు దానిని 1995లో ఒక విద్వత్సభలో వెల్లడించిరి. స్క్రమ్ అనునది రగ్బీ యను బంతియాటలో ఆటగాండ్రు భుజము భుజము కలిపి ముందునకు త్రోయు పట్టు. జపానుదేశపు పండితులు తకేయుచి, నొనాక యనువారు 1986లో నొక వ్యాసమున నీ యాటతో జట్టుపనిని పోల్చిరి. పేరు అక్కడనుండి వచ్చినది. ఈ పద్ధతిలో సాధారణముగా పదిమందికి మించని జట్టు, ఒక నెలకు మించని గడువు పెట్టుకొని పని చేయును. ఆ గడువును ‘స్ప్రింట్’ అందురు. పెక్కుజట్లు రెండువారముల గడువు పెట్టుకొనుచున్నవి. గడువు తుదిని చేసినదానిని పని కోరినవారికి చూపుదురు.

ఇక్కడనే అసలు చిక్కు పుట్టినది. ఏండ్లకొకమాఱు పలుకవలసిన ‘అయినది’ అను మాటను ఇప్పుడు పక్షమున కొకమాఱు పలుకవలసి వచ్చెను. పక్షమునకొక మాఱనగా ఏడాదికి ఇరువదియాఱు మాఱులు. ఒక్కొక్కమాఱు కొంచెము కొంచెము మిగిల్చి అయినదనినచో, ఆ మిగిలినదంతయు కుప్పపడి కడపట నొక్కటే మాఱు మీద పడును. కావున ఏ గుణములు కలిగిన పనిని పూర్తియైన దనవలయునో ముందుగనే వ్రాసికొను నియమ మేర్పడినది. దానిని వారు ‘డెఫినిషన్ ఆఫ్ డన్’ అందురు. ‘పూర్తి యనుటకు నిర్వచనము’ అని మనము చెప్పుకొనవచ్చును.

కరెంటు బిల్లు దృష్టాంతమునే తీసికొందము. రసీదు చూపు భాగమును ఒక జట్టు చేయవలసియున్నదనుకొనుడు. ఇందు రెండు విధములైన కట్టుబాట్లు వేఱువేఱుగా నుండును. మొదటిది ఆ యొక్క పనికే చెందినది. రసీదుపై సర్వీసు నంబరు, చెల్లించిన మొత్తము, తేదీ యుండవలయును. నడుమ సిగ్నలు పోయినను పైకము రెండుమాఱులు పోరాదు. ఇవి పని కోరినవాడు అంగీకరించుటకు పెట్టిన షరతులు. పని మాఱినచో నివియు మాఱును. రెండవది ఆ జట్టు చేయు ప్రతిపనికిని సమానముగా చెందునది. నిర్వచన మనునది యిదియే. వ్రాసినదానిని వ్రాయనివాడు మఱియొకడు చదివి సరిచూడవలయును. పరీక్షలు వ్రాసి నడిపి అన్నియు నెగ్గవలయును. తక్కినవారి భాగములతో కలిపిన పిమ్మట పాతవి చెడలేదని చూడవలయును. ఇతరుల పైకమునకును, రహస్యములకును భద్రత కలదని పరిశీలింపవలయును. తక్కువ వెలగల ఫోనులోను పని చేయవలయును. తరువాత వచ్చువారికి తెలియునట్లు వివరము వ్రాయవలయును. ఇట్టివి అయిదో పదియో పంక్తులుండును. పెండ్లిలో వంటవాడు ఏ వంటకము చేసినను పాత్ర శుభ్రముగా నుండుట, ఉడికినదో లేదో చూచుట తప్పవు గదా. పులుసులో పులుపెంత యనునది మాత్రము పులుసునకే చెందును. ఈ భేదము తెలిసినచో విషయము సగము తెలిసినట్లే.

నాకు తెలిసిన శాస్త్రములో నిందుకు సరిపోలిక యొకటి కలదు. వాక్యమునకు అర్థము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలయునని తార్కికులు చెప్పుదురు. ‘రాముడు ఆవును’ అని ఊరకుండినచో వినువాడు ‘ఏమి చేసెను?’ అని కాచుకొని యుండును. ఆ కాచుకొనుటయే ఆకాంక్ష. ‘తోలుకొని వచ్చెను’ అన్నతోడనే యది తీఱును. వాక్యము పూర్తి యగును. పనియు నట్టిదే. “అయినది, కాని పరీక్ష మిగిలినది” అనుచోట ఆ ‘కాని’ యను శబ్దమే ఆకాంక్ష తీఱలేదని చాటుచున్నది. మా పిల్లవాడు ‘వ్రాసితిని’ అని సమాపకక్రియ పలికెను గాని, పని మాత్రము ‘వ్రాసి’ యను అసమాపకక్రియగనే నిలిచియుండెను. సంస్కృతమున కృతము, లిఖితము మొదలగు పదములలో పని జరిగినదని తెలుపు ప్రత్యయమునకు పాణిని పెట్టిన పేరు ‘నిష్ఠ’. నిష్ఠ యనగా ముగింపు అనియు అర్థము, చలింపక నిలుచుట యనియు అర్థము. ముగిసిన దనిపించుకొనవలెనన్న నిలువవలయునని ఆ పదమే మనకు బోధించుచున్నది.

స్క్రమ్ పద్ధతికి దాని కర్తలు వ్రాసిన మార్గదర్శిని యొకటి కలదు. 2020లో దానిని సవరించి ప్రకటించిరి. అందీ విషయమున నియమములు స్పష్టముగా నున్నవి. నిర్వచనమునకు సరిపడని పనిని వాడుకలోనికి విడువరాదు. గడువుతుదిని జరుగు సమీక్షలో చూపను గూడదు. అది మరల చేయవలసిన పనుల పట్టికలోనికి పోవలయును. ఒకే వస్తువును పెక్కుజట్లు కలిసి చేయుచున్నచో అందఱకును ఒకే నిర్వచన ముండవలయును. సంస్థకు సామాన్యమైన కట్టుబాటు ఉన్నచో ప్రతిజట్టును కనీస మంతవఱకైన పాటింపవలయును. లేనిచో జట్టువారే తమ పనికి తగినది ఏర్పఱచుకొనవలయును.

ఇందు పాళ్ల లెక్క లేదని గమనింపుడు. ముప్పాతిక అయినది, తొంబది పాళ్లు అయినది అను మాటలకు చోటు లేదు. అయినది, లేదా కాలేదు. ఇది కఠినముగా తోచును. కాని గడువు దగ్గఱపడినప్పు డిందలి మేలు తెలియును. పది పనులు చేసెద మనుకొని యాఱే ముగిసినచో ఆఱు ముగిసినవని చెప్పవలయును. పదింటిని సగము సగము చేసి పదియు ముగిసినవని చెప్పరాదు. గింజలు తక్కువైనచో తక్కువయని చెప్పి కొలువవచ్చును. కుంచము అడుగున పీట పెట్టి నిండినట్లు చూపరాదు. పని పరిమాణము తగ్గవచ్చును గాని పూర్తి యను మాట కొలత తగ్గరాదనుట ఈ నియమమునకు ప్రాణము.

కొలత తప్పినచో నేమగునో చూపుటకు జరిగిన సంగతి యొకటి చెప్పెదను. అమెరికాలో నైట్ క్యాపిటల్ అను సంస్థ వాటాల క్రయవిక్రయములు జరుపుచుండెను. 2012 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు వాటాల విపణిలో నొక క్రొత్త యేర్పాటు మొదలు కానుండెను. దానికై యీ సంస్థవారు క్రొత్త కోడ్ వ్రాసి, సర్వరులనబడు తమ పెద్ద కంప్యూటరులు ఎనిమిదింటిలో నుంచవలసి యుండెను. ఏడింటిలో నుంచిరి, ఎనిమిదవదానిలో నుంచుట తప్పిపోయెను. ఆ యెనిమిదవదానిలో 2003 నుండి వాడుట మానిన పాత కోడ్ ఒకటి తొలగింపబడక మిగిలియుండెను. విపణి తెఱచినతోడనే యది మేలుకొని, ఎవ్వరును కోరని కొనుగోళ్లు, అమ్మకములు ఎడతెగక సాగించెను. 45 నిమిషములలో 40 లక్షలకు మించిన బేరములు జరిగిపోయెను. ఆ సంస్థకు 46 కోట్ల డాలర్లకు మించిన నష్టము వాటిల్లెను. మఱుసటి సంవత్సరమున నది మఱియొక సంస్థతో కలిసిపోయి తన ప్రత్యేకతను కోల్పోయెను.

వాటాల విపణిని పర్యవేక్షించు ప్రభుత్వసంఘము 2013లో విచారణ ముగించి, ఎనిమిదింటిలోను కోడ్ ఉంచబడినదా యని రెండవ మనిషి చూడలేదనియు, అట్లు చూడవలెనను వ్రాతపూర్వకమైన నియమమే యచ్చట లేదనియు తేల్చినది. ఆ సంస్థ ఎజైల్ మార్గమున నుండెనా మఱియొక మార్గమున నుండెనా యనునది యిచట ముఖ్యము కాదు. కోడ్ వ్రాసినవారు అయిన దనుకొనిరి. ఉంచినవాడును అయిన దనుకొనెను. ఎనిమిదింటిని మఱియొకడు చూచిననే అయినట్లు అను పంక్తి యొకటి గోడమీద వ్రాసి యుండి, దానిని పాటించి యుండినచో ఆనాటి యాపద దప్పియుండెడిది.

కొందఱు, “ఇపుడు విడిచిపెట్టి తరువాత సరిచేయుదము” అందురు. స్నోబర్డ్ సమావేశమున కూడినవారిలో నొకడైన వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లోనే దీనిని అప్పుతో పోల్చెను. కొంచెము అప్పు చేసి పని త్వరగా సాగించి, వెంటనే తీర్చినచో మేలే. తీర్పక యుంచినచో దానిపై గడపిన ప్రతినిమిషమును వడ్డీ యగునని యతని భావము. అప్పుమాట మీకు నేను వివరింప నక్కఱలేదు. అప్పు పత్రములో నున్నంతవఱకు మనిషికి దాని గుఱుతుండును. కాని ‘అయినది’ అను మాటక్రింద దాచిన అప్పునకు పత్రము లేదు. చేసినవాడు ఉద్యోగము మాని పోయినచో దానిని ఎఱిగినవాడే యుండడు. తరువాత వచ్చిన పసివాడు ఆ వడ్డీ కట్టుచు రాత్రులు మేలుకొనును.

మఱి యీ యొప్పందము ఎపుడు చేసికొనవలయును? పనికి ముందే. దీనికి నా యనుభవమే నాకు గురువైనది. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున ఒక వేసవిలో పాఠశాల పైకప్పునకు మరమ్మతు జరిగెను. పని చేయించినవారు ‘పూర్తియైనది’ అని వ్రాసిన కాగితము తెచ్చి సంతకము కోరిరి. నేను గదిలోనికి పోయి తల యెత్తి చూచితిని. సున్నము తెల్లగా నుండెను. సంతకము చేసితిని. మొదటి వాన కురిసిన రాత్రి పుస్తకముల బీరువాపైననే నీరు కాఱెను. నాకు చదువు చెప్పిన గురువుగారు స్వహస్తముతో అంచులయందు గుఱుతులు వ్రాసి యిచ్చిన వ్యాకరణగ్రంథములు అందుండెను. అక్షరము లలుకుకొనిపోయెను. కప్పుపై నీరు నిలిపి చూడవలయునని యొప్పందములో లేదు, వారు నిలుపలేదు, నేను అడుగలేదు. వారిని నిందింప నోరు రాలేదు, ఏలయన ఆ కాగితముపై నున్నది నా చేవ్రాలు. వాన వచ్చిన పిమ్మట పూర్తి యనగా నేమి యని వాదించుటవలన తడిసిన పుస్తకము ఆరదు.

కావున చేయువారును, చేయించువారును, పరీక్షించువారును మొదటనే కూర్చుండి యీ మాట తేల్చుకొనవలయును. పైవాడు వ్రాసి పంపినది గోడకు వ్రేలాడుటయే గాని పనిలోనికి రాదు. పనివారు మాత్రమే వ్రాసికొన్నది సంస్థకు తెలియదు. ఒక్కొక్క పంక్తిని చదివి, “ఇది మనము ఈ గడువులోపల నిజముగా చేయగలమా?” అని యడిగికొనవలయును. చేయలేనిదానిని ఆడంబరమునకై వ్రాయరాదు. నేడు చేయగలది అయిదే పంక్తులైనచో అయిదే వ్రాసి, మిగిలినది మిగిలినదని బహిరంగముగా చెప్పవలయును. శక్తి పెరిగినకొలది ఆఱవదానిని చేర్చవలయును.

ఇందు ప్రమాదములు లేకపోలేదు. పట్టిక చాంతాడంత యైనచో ఎవ్వరును చదువక గుఱుతులు మాత్రము పెట్టుదురు. అది తెల్లని సున్నము చూచి చేసిన నా సంతకమువంటిది. నిర్వచనమునకు సరిపడినంత మాత్రమున ఆ వస్తువు ప్రజలకు ఉపయోగించునని గాని, అందు దోషమే లేదని గాని యర్థము కాదు. బాగుగా తవ్విన బావిలో నీరు పడకపోవచ్చును. అక్కఱను సరిగా గుర్తించుట వేఱు, పనిని నిజాయితీగా ముగించుట వేఱు. ఈ నిర్వచనము రెండవదానికే కాపు. అన్నిటికంటె పెద్ద ప్రమాదము తొందర. గడువునాటి సాయంకాలము పైవాడు వచ్చి, “ఈ యొక్కమాఱునకు అయినదనుడు” అని బ్రతిమాలును. అప్పుడు కాదనగల ధైర్యము ఒక్కనికి కలుగుట కష్టము. అందఱును కలిసి ముందే వ్రాసికొన్న పంక్తులున్నచో ఆ పిల్లవాడు తనంతట తాను ఎదిరింప నక్కఱలేదు. పట్టికవైపు వ్రేలు చూపిన చాలును. ఈ యొప్పందము పనిని కాపాడుట నిజమే. అంతకంటె ముఖ్యముగా చేయువాని సత్యమును కాపాడుచున్నది.

మా పిల్లవాని సంగతి చెప్పి ముగించెదను. పండుగ గడచి వాడు పోయిన పిమ్మట, నాతో చెప్పిన మాటలనే తన జట్టులో చెప్పెనట. రెండు సాయంకాలములు వాదించుకొని యేడు పంక్తులు వ్రాసికొనిరట. మొదటి గడువుతుదిని నాలుగు పనులు చూపవలసినచోట రెండే చూపగలిగిరట. పై యుద్యోగి మొగము చిన్నబుచ్చుకొనెనట. కాని ఆ రెండింటిని గుఱించి రాత్రివేళ ఎవ్వరును ఫోను చేయలేదట. ఈ సంగతి నేను మా తమ్మునకు విడమఱచి చెప్పితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. ఇప్పుడు కుమారునకు ఫోను చేసినపుడు, “పని అయినదా?” అని యడుగుట మాని, “మీ యేడింటిలో ఎన్ని అయినవిరా?” అని యడుగుచున్నాడు. “ఏడును అయిననే అయినట్లు, నాన్నగారూ!” అని వాడు నవ్వుచున్నాడు.

మీ యిండ్లలోను ఇట్టి పిల్లలు దూరదేశములయందు పని చేయుచుండవచ్చును. అయినదని చెప్పిన పిమ్మటను వారు మేలుకొని యున్నచో తొందరపడి మాట తప్పినవారని యనకుడు. ఆ మాటకు అచట అర్థము నిర్ణయింపబడినదో లేదో యొకమాఱు అడుగుడు. మీరు చేయించు బావిపని, బడిపని, వీథిపనులయందును కాగితముపై సంతకము చేయుటకు ముందు, ఏది యైననే అయినట్లో ముందుగా పలికి వ్రాయించుకొనుడు.

నాకిచ్చిన కాలము తీఱినది. ప్రసంగము ముగిసినదని గడియారము చెప్పవచ్చును. మీలో నొక్కరైనను నేటి సాయంకాలము ఎవనినైన ‘అయినది’ అన్నపుడు నిలిపి, “ఏమేమి?” అని మెల్లగా నడిగిననే నా పని అయినట్లు. సెలవు.